రేటు మనదే తక్కువ, అయినా బేరాలు బోర్డర్ దాటి పోతున్నాయి

మహేంద్రతనయ_గట్టు
ఒడిశా వైపు బోర్డర్ ఊరు పర్లాకిమిడిలో మాది ఇంటి సామాన్ల షాపు. మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, గ్యాస్ స్టవ్‌లు. నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో ఒళ్ళు మండిపోయి రాస్తున్నా. మనిషి వస్తాడు. ఫ్యాను వేయించి చూస్తాడు, మిక్సీ డబ్బా విప్పిస్తాడు, ఫొటో తీసుకుంటాడు, "ఇంట్లో అడిగి వస్తానండీ" అంటాడు. ఇక రాడు. రెండు రోజులు పోయాక అదే మోడల్ డబ్బా టెక్కలి నుంచో శ్రీకాకుళం నుంచో ఆటోలో దిగుతుంది. పోనీ అక్కడ తక్కువా అంటే అదీ కాదు. వాకబు చేశాను, నా రేటు కంటే నూటాభై, రెండొందలు ఎక్కువే పెట్టారు. ఆటో కిరాయి అదనం. ఇంకొకాయన ఆన్‌లైన్‌లో కొని, దాని ప్లగ్గు గోడ సాకెట్‌లో పట్టడం లేదని నా దగ్గరికే తెచ్చాడు!

రేటు తక్కువ, సరుకు ఒరిజినల్, బిల్లు ఇస్తాను. ఇంకేం కావాలి జనానికి? వ్యాపారం చేసేవాళ్ళూ చెప్పండి, కొనేవాళ్ళూ చెప్పండి. మొహమాటం వద్దు.

బరంపురం_బుల్లోడు
ప్లగ్గు మార్చినందుకు డబ్బులు తీసుకున్నావా, లేదా? ముందు అది చెప్పు గురూ.

మహేంద్రతనయ_గట్టు
తీసుకోలేదు. తిట్టి మార్చాను.

బరంపురం_బుల్లోడు
ప్లగ్గు ఫ్రీ, తిట్టు ఫ్రీ. పండగ ఆఫర్ బాగుంది.

జయపురం_జట్కా
అరువు ఇస్తావా లేదా? అక్కడే తేలిపోతుంది. మా జయపురంలో పెద్ద షాపులన్నీ వాయిదాల కౌంటర్ పెట్టేశాయి. ఆధార్, పాన్ ఇచ్చి సంతకం పెడితే ఫ్రిజ్ ఇంటికొస్తుంది. మర్యాద, మన్నన అని కబుర్లు చెప్పేవాళ్ళంతా చివరికి "నెలకి ఎంత కట్టాలి" అనే అడుగుతారు.

మహేంద్రతనయ_గట్టు
వాయిదాలు నా దగ్గరా ఉన్నాయి అన్నా. ఫైనాన్స్ కుర్రాడు సాయంత్రం దాకా కూర్చునే ఉంటాడు, రీల్స్ చూసుకుంటూ.

పద్మ_గుణుపురం
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తాను. మా మరిది పెళ్ళికి సామాన్లు కొందామని ముగ్గురు ఆడవాళ్ళం పర్లాకిమిడి వచ్చాం. మీ షాపే అనడం లేదు, పేరు అడక్కండి. ఓనరు గల్లాపెట్టె దగ్గర ఫోన్లో ఉన్నాడు. ఆయన నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది, మేం నిలబడ్డ వైపుది కట్టేసి ఉంది. మిక్సీ చూపించమంటే మొదటి మాటే "ఎంతలో కావాలి?" పై అరలోది దింపమంటే కుర్రాడు ఓనరు మొహం చూశాడు. ఓనరు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే "తీసుకుంటారా, ఊరికే చూస్తారా?" అన్నాడు. మా అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. చెప్పులేసుకుని రోడ్డు మీదకి వచ్చేసింది.

మర్నాడు రైలెక్కి విశాఖపట్నం పోయాం. చిన్న రైలు రోజుల్లో అయితే ఆ ఆలోచనే వచ్చేది కాదు. 2011లో మన లైను బ్రాడ్‌గేజి అయ్యాక విశాఖ ఎంత దూరం చెప్పండి? అక్కడ షాపులో అమ్మాయి ముందు మా అత్తగారికి స్టూలు వేసింది. మిక్సీ జార్‌లో నీళ్ళు పోసి తిప్పి చూపించింది. తర్వాత మిక్సీని తలకిందులు చేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ మీద మా అత్తగారి వేలు పెట్టించింది. "అమ్మా, జార్ నిండా పప్పు కుక్కి తిప్పితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. కాలిపోయిందని కంగారు పడొద్దు. స్విచ్ ఆపేసి, కాసేపు చల్లారనిచ్చి, ఈ బటన్ నొక్కండి" అంది. రేటు మీరు చెప్పిన లెక్కలోనే, రెండొందలు ఎక్కువే. ఇచ్చేశాం.

పెళ్ళయిన వారానికే మినప్పప్పు రుబ్బుతుంటే మిక్సీ ఆగిపోయింది. కొత్త కోడలు ఏడుపు మొహం పెట్టింది. మా అత్తగారు వచ్చి, మిక్సీ తిరగేసి, బటన్ నొక్కి, మెకానిక్‌లా చేతులు దులుపుకుని వెళ్ళింది. ఇప్పుడు మా వీధిలో ఎవరు మిక్సీ కొనాలన్నా ఆ విశాఖ షాపు పేరే చెప్తుంది.

మహేంద్రతనయ_గట్టు
అమ్మా, ఆ బటన్ సంగతి మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ ఉంటుంది.

పద్మ_గుణుపురం
మాన్యువల్ మా ఇంట్లో పప్పు డబ్బా కింద పరిచాం.

బరంపురం_బుల్లోడు
@పద్మ_గుణుపురం మీ అత్తగారికి ఏ షాపయినా కమిషన్ ఇచ్చి పెట్టుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
రాయగడలో చిన్న వ్యాపారులకి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. @మహేంద్రతనయ_గట్టు రేటు తక్కువ అనే ఆయుధం మీ చేతిలో ఇంకా ఉందనుకుంటున్నారు, అది పోయి చాలా కాలమైంది. 2017 జూలై 1న జీఎస్టీ రాకముందు ఆంధ్రా అమ్మకం పన్ను (వ్యాట్) వేరు, ఒడిశా వ్యాట్ వేరు. వస్తువును బట్టి ఇటో అటో పన్ను కలిసొచ్చేది. బోర్డర్ ఊళ్ళలో షాపులు బతికిందే ఆ తేడా మీద. మీ నాన్నగారిని అడగండి, ఏ సరుకు ఎటు నుంచి ఎటు వెళ్ళేదో కథలు కథలుగా చెప్తారు. ఇప్పుడు మిక్సీకి ఆంధ్రా వైపు పాతపట్నంలో ఎంత పన్నో పర్లాకిమిడిలో అంతే. మొదట 28 శాతం ఉండేది, 2018 జూలైలో 18కి దించారు, అదీ దేశమంతా ఒకేసారి. ఇక మిగిలింది మీ మార్జిన్. అందులోంచి ఎంత కోసుకుంటారు? నూటాభై కోశారు. జనం దాన్ని లెక్క చేయలేదు.

పెట్రోలు జీఎస్టీలో లేదు కాబట్టి అక్కడ తేడా ఇంకా కనిపిస్తుంది. అందుకే ఆంధ్రా బళ్ళు మన బంకుల్లో బారులు తీరతాయి. పెట్రోలుకి స్టూలు వేయక్కర్లేదు, బటన్ చూపించక్కర్లేదు, రేటు ఒక్కటే మాట్లాడుతుంది. మిక్సీ అలా కాదు కదా.

అవతలి_ఒడ్డు
మాస్టారూ, ఆ బారులో నేనూ ఉంటాను. పాతపట్నం మాది. పెట్రోలు మీ వైపే కొట్టిస్తా, సామాను మాత్రం కొనను. ఎందుకో చెప్తా.

మీ వైపు ఒక ఊళ్ళో (పర్లాకిమిడి కాదు, ఊరూ షాపూ వదిలేయండి) ఫ్రిజ్ కొన్నాను. ఏడాది తిరక్కుండానే చల్లబడడం మానేసింది, అదీ మే నెలలో. కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే పిన్ కోడ్ అడిగారు. ఆంధ్రా పిన్, శ్రీకాకుళం వాళ్ళు వస్తారన్నారు. శ్రీకాకుళం వాళ్ళు బిల్లు ఫొటో పంపమన్నారు. పంపితే "ఇది ఒడిశా డీలరు బిల్లు, బరంపురం సెంటర్లో కంప్లయింటు పెట్టండి" అన్నారు. బరంపురం వాళ్ళు మళ్ళీ పిన్ కోడ్ అడిగారు. షాపుకి వెళ్తే ఓనరు "నేను అమ్మేవాడినే బాబూ, తయారు చేసేవాడిని కాదు. కంపెనీతో మాట్లాడుకో" అని పక్క బేరం వైపు తిరిగాడు. ఎండాకాలం అంతా అందులో బట్టలు పెట్టుకున్నాం. అతిశయోక్తి కాదు, మా ఆవిడ నిజంగానే పట్టుచీరలు పెట్టింది, బొద్దింకలు రావని.

నేను అడిగింది డబ్బు వాపసు కాదు. నా ఎదురుగా ఆయన ఒక్క ఫోన్ చేసి గట్టిగా మాట్లాడి ఉంటే, పని కాకపోయినా మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళేవాడిని.

మహేంద్రతనయ_గట్టు
@అవతలి_ఒడ్డు మీ బాధ అర్థమైంది గానీ ఆ ఓనరు అన్నదాంట్లో తప్పేముంది? ఫ్రిజ్ మీద నాకు మిగిలేది ఎంతో తెలిస్తే మీరే నాకు టీ ఇప్పిస్తారు. కంప్రెసర్ నేను బిగించలేదు. పిన్ కోడ్ గొడవ నేను పెట్టలేదు. కంపెనీ చేసిన దానికి నా గంటలు పోవాలా? కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని పాటలు వినడమే. ఆ టైములో నాలుగు బేరాలు పోతాయి.

జయపురం_జట్కా
ఇది కరెక్ట్. షాపువాడేమైనా ధర్మసత్రం పెట్టాడా?

అవతలి_ఒడ్డు
నాలుగు బేరాలు ఉన్నాయా పోవడానికి? బేరాలు లేవనే కదా ఈ చర్చ మొదలెట్టారు.

బరంపురం_బుల్లోడు
హహహ. అవతలి ఒడ్డు నుంచి సిక్సర్.

లెక్కల_మాస్టారు
చట్టం సంగతి కూడా తెలుసుకోండి, చాలామంది వ్యాపారులకి తెలియడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపం ఉన్న సరుకుని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. ఆ లోపు వెనక్కి తీసుకోకపోతే అది అనుచిత వాణిజ్య పద్ధతి కిందకి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపం ఉన్న సరుకు దగ్గర ఆ బోర్డు చెల్లదు. రంగు నచ్చలేదు, మా ఆవిడ వద్దంది అంటే మాత్రం ఈ చట్టం అక్కరకి రాదు.

బోర్డర్ వాళ్ళకి అసలు సంగతి ఇది: 1986 చట్టం కింద షాపు ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో కేసు వేయాలి. కొత్త చట్టంలో కొన్నవాడు తాను ఉండే జిల్లాలోనే వేయొచ్చు. అంటే పాతపట్నం మనిషి శ్రీకాకుళంలో వేస్తే ఒడిశా షాపువాడు శ్రీకాకుళం తిరగాలి. చెల్లించింది 5 లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు. కేసు దాకా వెళ్ళకూడదనుకుంటే 1915 నంబరు ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పుడు పోయే టైము ముందు, ఒక ఫోన్ కాల్‌కి పోయే టైము ఎంత?

మహేంద్రతనయ_గట్టు
మాస్టారూ, బెదిరిస్తున్నారా, సలహా ఇస్తున్నారా?

లెక్కల_మాస్టారు
రెండూ.

సంత_బేరం
మీరంతా గాజు తలుపుల షాపుల గురించి మాట్లాడుతున్నారు. నాది తాటాకు నీడ వ్యాపారం. కాశీనగర్ చుట్టుపక్కల, కొండ దిగువ సంతల్లో టార్చిలైట్లు, గిన్నెలు, కత్తులు, గొడుగులు అమ్ముతాను. కొనేవాళ్ళు ఎక్కువమంది సవరలు, కొండ మీద గిరిజనులు. సంతలో ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. ఈ వారం మోసం చేస్తే పై వారం అదే చెట్టు కింద కూర్చోలేం. వాళ్ళు గొడవ పెట్టుకోరు, కేసులు వేయరు. ఊరు ఊరంతా నీ ముందు నుంచే నడిచి పక్కవాడి దగ్గరికి పోతుంది. ఎందుకో కూడా చెప్పరు.

ఒక పెద్దాయన టార్చి పట్టుకొచ్చి నా ముందు పెట్టి కూర్చున్నాడు. వెలగడం లేదు. విప్పి చూస్తే బ్యాటరీలు తిరగేసి పెట్టాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. సరిగ్గా పెట్టి, ఆయన చేతే తీయించి, పెట్టించి, మళ్ళీ తీయించాను. పక్క కొట్టువాడు "నీకు పనిలేదా" అన్నాడు. ఆ పై సంతకి ఆ పెద్దాయన వెనక కుర్రాళ్ళ గుంపు వచ్చింది, అందరికీ టార్చిలే.

టౌన్లో కొన్ని షాపుల్లో కొండ మీద నుంచి వచ్చినవాళ్ళని గుమ్మం దాటనివ్వరు. బయట నిలబెట్టే సరుకు చూపిస్తారు, చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీదకి విసురుతారు. అదే షాపువాడు జీడిమామిడి, చింతపండు డబ్బులు చేతికొచ్చే రోజుల్లో వాళ్ళు ఎందుకు రావడం లేదని అడుగుతాడు.

పద్మ_గుణుపురం
@సంత_బేరం ఇది చదివి కాసేపు ఆగిపోయాను. చిల్లర విసరడం నా కళ్ళతో చూశాను.

కౌంటర్_కుర్రాడు
ఎవరూ మా మాట ఎత్తడం లేదు కాబట్టి నేనే ఎత్తుతా. బరంపురంలో బట్టల షాపులో సేల్స్‌లో ఉన్నాను. పద్మక్క చెప్పిన "కుర్రాడు ఓనరు మొహం చూశాడు" అన్న ముక్క దగ్గరే నాకు మొత్తం తెలిసిపోయింది. ఆ కుర్రాడు డబ్బా దింపి, బేరం తెగకపోతే సాయంత్రం వాడికి అక్షింతలు. మా షాపులో కస్టమర్ ఖాళీ చేతులతో బయటకి వెళ్తే "ఏం చెప్పావు వాళ్ళకి?" అని అందరి ముందూ అడుగుతారు. అందుకే మేం కస్టమర్ వెనకాలే నీడలా తిరుగుతాం. వాళ్ళకి చిరాకు, మాకు చిరాకు.

ఇంకోటి. చీర మడత విప్పి భుజం మీద వేసి చూపించడానికి అర నిమిషం. దాన్ని మళ్ళీ కొంగు పైకి వచ్చేలా, జరీ నలగకుండా మడవడానికి దానికి నాలుగింతలు పడుతుంది. బరంపురం పట్టు అంచు గుడి గోపురం మెట్లలా ఉంటుంది కదా, ఆ గీత ఒక్క పిసరు పక్కకి పోయినా మడత వికారంగా కనిపిస్తుంది. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాం, కూర్చోడానికి లేదు. ఇరవయ్యో చీర విప్పమన్నప్పుడు మొహం మీద నవ్వు ఎక్కడి నుంచి తేవాలి? కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టాలు సవరించాయి. మా ఓనరుకి ఆ వార్త చూపిస్తే "అయితే కేరళ పో" అన్నాడు.

బరంపురం_బుల్లోడు
తమ్ముడూ, మీ షాపు ఏదో నాకు తెలిసిపోయింది. పేరు చెప్పనులే, నీ ఉద్యోగం నీకుండాలి.

జయపురం_జట్కా
అన్నీ ఓనరు మీదే వేస్తున్నారు. కస్టమర్లు మాత్రం పత్తిత్తులా? మా బంధువుల బట్టల షాపులో ఒకావిడ చీర పట్టుకెళ్ళి, పెళ్ళిలో కట్టుకుని, మూడో రోజు "డ్యామేజీ ఉంది" అని తెచ్చింది. కొంగుకి సాంబారు. డ్యామేజీ కాదమ్మా, అది భోజనం అంటే రచ్చ రచ్చ చేసింది.

కౌంటర్_కుర్రాడు
@జయపురం_జట్కా అది నిజమే అన్నా. బ్లౌజు ముక్క కత్తిరించేసి మరీ తెచ్చినవాళ్ళున్నారు.

అప్పడాల_అమ్మ
బరంపురంలో ఇంట్లోనే అప్పడాలు, వడియాలు, ఊరగాయలు చేసి పంపుతుంటాను బాబూ. అప్పడాలు బస్సు పార్సిల్లో పంపితే విరుగుతాయి, తప్పదు. మొదట్లో "విరిగితే మా బాధ్యత కాదు" అని ప్యాకెట్ మీద రాశాను. ఫోన్లు తగ్గాయి, ఆర్డర్లూ తగ్గాయి. తర్వాత ఆ మాట తీసేసి, విరిగినవాటి ఫొటో పంపమన్నాను. ఎన్ని విరిగితే అన్ని వచ్చే పార్సిల్లో కలిపి పంపుతాను. చాలామంది ఫొటో పంపరు, "పర్లేదులే అమ్మా, వేయించితే ఒకటే" అంటారు. అడిగే మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు వాళ్ళకి.

అలాగని అందరికీ తలవంచను. ఒకాయన ప్రతిసారీ సగం విరిగాయనేవాడు. ఫొటోలు చూస్తే ఒకే ఫొటోని తిప్పి తిప్పి పంపుతున్నాడు. నమస్కారం పెట్టి మానేశాను. జట్కా బాబు చెప్పిన సాంబారు చీర ఆవిడ లాంటివాళ్ళు ఉంటారు, కానీ వాళ్ళని చూసి మిగతా అందరికీ తలుపు వేసుకుంటామా?

బరంపురం_బుల్లోడు
ప్రతి షాపులో గాంధీ గారి ఫొటో ఉంటుంది, కింద "మన దుకాణానికి వచ్చే అతి ముఖ్యమైన అతిథి వినియోగదారుడే" అని. దాని కిందే "అరువు రేపు". ఏది నమ్మాలి?

లెక్కల_మాస్టారు
రెండోదే నమ్మండి. మొదటి మాటకి గాంధీ రచనల్లో ఆధారం దొరకలేదు. ఎవరో అంటగట్టారు, బ్యాంకులు కూడా ఫ్రేము కట్టించుకున్నాయి.

జయపురం_జట్కా
చూశారా, అరువు దగ్గరికే వచ్చారు చివరికి.

మహేంద్రతనయ_గట్టు
అందరివీ చదివాను. అందరూ కలిసి ఉతికి ఆరేశారు. నా వైపు నుంచి రెండు ముక్కలు.

మా షాపులో స్టూళ్ళు ఉన్నాయి. వాటి మీద డబ్బాలు ఉన్నాయి, అది వేరే సంగతి. జార్‌లో నీళ్ళు పోసి తిప్పి చూపించడం, ఆ బటన్ చూపించడం వరకు పద్మమ్మ గారితో ఏకీభవిస్తాను, రేపట్నుంచి కుర్రాళ్ళకి చెప్తా. ఖర్చు లేని పని. కానీ కంపెనీ సర్వీసు బాధ్యత మొత్తం డీలరు నెత్తిన వేయడం మాత్రం ఒప్పుకోను. కంపెనీలు టార్గెట్లు మా మీద రుద్దుతాయి, ఆన్‌లైన్‌లో మా కొనుగోలు ధరకే అమ్ముతాయి, పాడైతే తిట్లు మాకు వదిలేస్తాయి. మాస్టారూ, పిన్ కోడ్ గొడవకి నిజంగా మార్గం ఏదైనా ఉంటే చెప్పండి, ఉపన్యాసం వద్దు.

లెక్కల_మాస్టారు
మార్గం బిల్లు రాయకముందే ఉంది. కస్టమర్ ఆంధ్రా అని తెలియగానే, ఆయన పిన్ కోడ్‌కి ఏ సర్వీస్ సెంటర్ వస్తుందో ఆయన ముందే కంపెనీ నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ సెంటర్ ఫోన్ నంబరు బిల్లు వెనక రాయండి. వారంటీ కార్డు ఖాళీగా ఇవ్వకండి, సీరియల్ నంబరు రాసి, తేదీ వేసి, స్టాంపు కొట్టండి. ఆ పిన్‌కి సర్వీసు లేదన్నారనుకోండి, ఆ మాట ముందే చెప్పి వేరే కంపెనీది చూపించండి. కంప్లయింటు వచ్చిన రోజు నంబరు మీరే తీసుకుని కస్టమర్‌కి మెసేజ్ పెట్టండి. మీకు పడే టైము అమ్మే రోజు కాస్త, పాడైన రోజు కాస్త. డీలరు ఫోన్ చేస్తే సెంటర్లో పలికే తీరు వేరేగా ఉంటుంది, ఏరియా మేనేజరు నంబరు మీ దగ్గర ఉంటుంది కదా. కస్టమర్ దగ్గర అది లేదు.

అవతలి_ఒడ్డు
బిల్లు వెనక నంబరు రాసిస్తే ఫ్యాన్లు మూడు కావాలి నాకు. పెట్రోలుకి వచ్చినప్పుడు చూస్తా. ఎటూ బంకు దాకా వస్తున్నాను.

సంత_బేరం
@మహేంద్రతనయ_గట్టు స్టూళ్ళ మీద డబ్బాలు మాత్రం తీసేయండి అన్నా.

కౌంటర్_కుర్రాడు
ఒక స్టూలు లోపల కుర్రాళ్ళకి కూడా.

జయపురం_జట్కా
నాది పాత మాటే. ఇవన్నీ చేసి వాయిదాలు ఇవ్వకపోతే మళ్ళీ మొదటికే.

మహేంద్రతనయ_గట్టు
ఇస్తున్నానని మొదట్లోనే చెప్పానుగా! నువ్వసలు చదువుతున్నావా?

పద్మ_గుణుపురం
మా చెల్లెలికి రెండు లీటర్ల టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ కావాలి. ఉందా మీ దగ్గర? ఈసారి విశాఖ వెళ్ళే ఓపిక లేదు.

మహేంద్రతనయ_గట్టు
ఉందమ్మా. రెండు రాళ్ళదీ ఉంది, మూడు రాళ్ళదీ ఉంది. పప్పు నానబెట్టి తెస్తే రుబ్బి చూపిస్తా.

అవతలి_ఒడ్డు
రేటు ఎంతో రాయవయ్యా, మేమూ చూస్తాం.

మహేంద్రతనయ_గట్టు
ఇక్కడ రాస్తే ఎదుటి షాపువాడు చూస్తాడు. ఆవిడకి విడిగా మెసేజ్ పెట్టాను.

బరంపురం_బుల్లోడు
ఎదుటి షాపువాడు నేనే గురూ.